కాటా మీద ఏడ్చే పిల్ల నోట్లోకి ఒక్కసారి చూడండి

గుంటూరు జిల్లాలో అంగన్‌వాడీ కేంద్రాలను, బడి పిల్లల ఆరోగ్య పరీక్షలను చూసే అధికారులకు, సూపర్‌వైజర్లకు, వైద్య బృందాలకు

నమస్కారం.

నేను ఈ ఊళ్ళోనే పిల్లల దంతవైద్యురాలిని. ఎవరి మీదా ఫిర్యాదు చేయడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. మీ రిజిస్టరులో ఒక గడి అడగడానికి రాస్తున్నాను. బరువు రాసే గడి పక్కన ఇంకొక గడి, అంతే. ఎందుకు అడుగుతున్నానో తెలియాలంటే మొన్నటి మిర్చి సీజన్లో నేను చూసిన ఒక ఉదయం గురించి చెప్పాలి.

మా దగ్గర పనిచేసే ఆయమ్మ తన మనవరాలు వెళ్ళే అంగన్‌వాడీకి నన్ను తీసుకువెళ్ళింది. ఆ రోజు బరువులు తూచే రోజు. దూలానికి తాడు, తాడుకు కాటా, కాటాకు గుడ్డ ఉయ్యాల. పిల్లల్ని వరసగా అందులో కూర్చోబెడుతున్నారు. రెండేళ్ళ రెండు నెలల పాప వంతు వచ్చింది. కాళ్ళకు నేల అందకపోయేసరికి వీధి చివరి దాకా వినబడేలా ఏడుపు లంకించుకుంది. టీచరమ్మ చూపు కాటా ముల్లు మీద, ఆయా చేతులు ఉయ్యాల మీద, తల్లి చూపు టీచరమ్మ కలం మీద. "ఎనిమిది కిలోల తొమ్మిది వందలు" అని టీచరమ్మ పైకి చదివి కార్డు మీద చుక్క పెట్టింది. చుక్క పసుపు పట్టీలో పడింది, అంటే వయసుకు తగ్గ బరువు లేదు. పాపను కిందికి దించారు. ఏడుపు ఆగింది, నోరు మూతపడింది.

అంతసేపూ ఆ నోరు బార్లా తెరిచే ఉంది. అందులోకి చూసింది నేనొక్కదాన్నే. అది నా గొప్ప కాదు, వృత్తి వల్ల వచ్చిన జబ్బు. పెళ్ళిళ్ళలో కూడా మనుషుల ముఖాల కంటే ముందు నాకు పళ్ళే కనిపిస్తాయి.

ఆ పాపకు పన్నెండు పళ్ళున్నాయి. పైన ముందు పళ్ళు రెండింటి మీదా చిగురుకు దగ్గరగా అడ్డంగా సన్నని గాడి ఉంది. గాడిలో లేత గోధుమరంగు. ఎవరైనా చూసి ఉంటే "పళ్ళు తోమడం లేదు" అనేవారు. తోమినా పోదు, అది మురికి కాదు. అక్కడ పన్ను పైనుండే గట్టి పింగాణీ పొరే (ఎనామెల్) సరిగ్గా పడలేదు. తల్లితో మాట్లాడాను. కోల్డ్ స్టోరేజీలో కాయల తొడిమెలు తీసే పని. కాన్పుకు వారం ముందు దాకా పనికి వెళ్ళింది. నెలలు నిండకుండానే కాన్పయింది, పుట్టినప్పుడు బిడ్డ రెండు కిలోలు కూడా లేదు. ఆ పాల ముందు పళ్ళ పైభాగం చాలావరకు కడుపులోనే తయారవుతుంది, పుట్టాక నెలా నెలన్నరలో పూర్తవుతుంది. గాడి ఉన్న చోటు సరిగ్గా కాన్పుకు అటూ ఇటూ ఉన్న వారాల దగ్గర పడింది. తల్లి తిండి వల్లనే పడిందని నేను ఒట్టు వేసి చెప్పలేను. జ్వరం కావచ్చు, తొందరగా పుట్టడం కావచ్చు, రెండూ కలిసి కావచ్చు. కానీ ఆ రోజుల్లో ఏదో లోటు జరిగిందని మాత్రం ఆ పన్ను రాసి పెట్టుకుంది.

మన తీరంలో కొబ్బరిచెట్టు ఎక్కే మనిషిని అడగండి. మాను మీద మట్టలు రాలిన గుర్తులు చూసి చెబుతాడు: ఈ ఏడు నీళ్ళు బాగా అందాయి, గుర్తులు ఎడంగా ఉన్నాయి, ఆ ఏడు ఎండింది, గుర్తులు దగ్గర దగ్గరగా పడ్డాయి. పంటి పింగాణీ కూడా అలాంటిదే. దాన్ని వేసే కణాలు రోజుకింతని పొరలు పొరలుగా వేసుకుంటూ పోతాయి. పసిబిడ్డకు తిండి చాలకపోయినా, విరేచనాలు పట్టుకున్నా, డి విటమిన్ లేక సున్నం ఒంటబట్టకపోయినా ఆ కణాలు పని మందగిస్తాయి. అక్కడ గుంటో గాడో తెల్లమచ్చో మిగులుతుంది. ఎముక విరిగితే అతుక్కుంటుంది. చర్మం గీరుకుపోతే కొత్తది వస్తుంది. పన్ను చిగురు చీల్చుకుని బయటికి వచ్చేనాటికి ఆ పింగాణీ కణాలు బతికి ఉండవు. కాబట్టి ఆ లోటు ఆ పన్నుతోనే ఉంటుంది. బరువు కాటా ఈ నెల సంగతి చెబుతుంది. పన్ను ఎప్పటి సంగతో ఇప్పుడు చెబుతుంది.

ఇంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. పాలపళ్ళ సంగతి అలా ఉంచండి. ఆరేళ్ళ వయసులో వెనక వచ్చే మొదటి శాశ్వత దవడ పన్ను ఉంది చూడండి, దాని పింగాణీ బిడ్డ పుట్టే వేళకే మొదలై సుమారు మూడేళ్ళకు పూర్తవుతుంది. నోటి ముందు భాగంలో వచ్చే శాశ్వత పళ్ళు మూడు నాలుగు నెలల వయసులో మొదలై నాలుగైదేళ్ళ దాకా తయారవుతాయి. అంటే మీరు మీ కేంద్రంలో ఏడాదిన్నర పిల్లకు ఇవాళ పెట్టే గుడ్డు, పోసే పాలు ఆ పిల్ల ముసలితనం దాకా నమిలే పన్నులోకి నేరుగా వెళ్తున్నాయి. ఈ మాట మీ కార్యకర్తలకు ఎవరైనా చెప్పారా? చెప్పి ఉంటే గుడ్డు ఇంటికి పంపించమనే తల్లులకు వాళ్ళే గట్టిగా సమాధానం చెప్పేవారు.

మన రాష్ట్రం లెక్క మీకు నాకంటే బాగా తెలుసు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్ళలోపు పిల్లల్లో నూటికి 31 మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. సుమారు 30 మంది వయసుకు తగ్గ బరువు లేరు. ఆరు నెలలు దాటిన పసిపిల్లల్లో 63 మందికి రక్తం తక్కువ. ఆ వయసు పిల్లలందరి శాశ్వత పళ్ళు చిగుళ్ళ లోపల తయారవుతూ ఉంటాయి. బయటికి కనబడవు కాబట్టి ఎవరూ తలుచుకోరు.

ఇప్పుడు లెక్క పెట్టడం గురించి. పాలపళ్ళు మొత్తం ఇరవై. మొదటిది సాధారణంగా ఆరు నెలల ప్రాంతంలో వస్తుంది, మూడేళ్ళ లోపు అన్నీ వచ్చేస్తాయి. రెండేళ్ళ దాకా ఒక మోటు లెక్క ఉంది: బిడ్డ వయసు నెలల్లోంచి ఆరు తీసేస్తే ఎన్ని మిగులుతాయో సుమారుగా అన్ని పళ్ళుండాలి. ఏడాదిన్నరకు పన్నెండు. అయిదారు నెలలు అటూ ఇటూ అయినా కంగారు పడనక్కరలేదు. ఏడాది నిండినా ఒక్క పన్ను రాని పిల్లలూ ఆరోగ్యంగానే ఉంటారు, తండ్రికో తల్లికో కూడా అలాగే ఆలస్యంగా వచ్చి ఉంటాయి. ఏడాదిన్నర దాటినా ఒక్కటీ రాకపోతే మాత్రం వైద్యుడికి చూపించాలి. థైరాయిడ్ లోపం, ఎముకలు మెత్తబడే రికెట్స్ లాంటివి వెతకాలి. ఆ కాటా మీది పాపకు రెండేళ్ళు దాటినా పన్నెండే ఉన్నాయి. కార్డులో పసుపు చుక్క, నోట్లో ఆలస్యం, పళ్ళ మీద గాడి. మూడూ ఒకే కథ చెబుతున్నాయి. మీ రిజిస్టరుకు అందులో ఒకటే అందింది.

ఒక మాట దాచకుండా చెప్పాలి. ఆకలి ఎత్తును కుంగదీసినంతగా పళ్ళ రాకను కుంగదీయదు. పళ్ళ వరస మొండిది. ఇంగ్లండులో 1833 చట్టం తొమ్మిదేళ్ళ లోపు పిల్లల్ని బట్టల మిల్లుల్లో పెట్టుకోకూడదని చెప్పినప్పుడు యజమానులూ తల్లిదండ్రులూ కలిసి వయసు దాచేవారు. అర్ధాకలి పిల్లలు పొట్టిగా ఉండేవారు కాబట్టి ఎత్తు చూసి వయసు చెప్పడం కుదరలేదు. ఎడ్విన్ సాండర్స్ అనే దంతవైద్యుడు 1837లో వందల మంది పిల్లల నోళ్ళు చూసి, ఎత్తు కంటే పళ్ళే వయసును నమ్మకంగా చెబుతాయని పార్లమెంటు ముందు పెట్టాడు. మనకు అంత దూరం వెళ్ళనక్కరలేదు. మా నాన్నను బడిలో చేర్చుకునేటప్పుడు కుడి చెయ్యి తల మీదుగా తెచ్చి ఎడమ చెవి పట్టుకోమన్నారట. అందలేదు, ఇంటికి పంపేశారు. ఆ రోజుల్లో పొట్టి పిల్లలకు ఏడాది చదువు అలా పోయింది. నోరు తెరవమని ఆరేళ్ళ పన్ను ఉందో లేదో చూసి ఉంటే పోయేది కాదు.

అందుకే నేను "పళ్ళు ఆలస్యమైతే పోషణ లోపమే" అని చెప్పడం లేదు. ఆలస్యం ఒక్కటే అయితే చూస్తూ ఉండొచ్చు. దాని పక్కన తక్కువ బరువు, పళ్ళ మీద గాడి కూడా కనబడితే ఆ బిడ్డ గురించి ఇంకొంచెం గట్టిగా ఆలోచించాలి. అంతవరకే.

తిరగేసిన కథ కూడా ఉంది. మా ఊళ్ళో బ్రాడీపేట, లక్ష్మీపురం లాంటి ఉన్నవాళ్ళ పేటల్లో ఆ కథ ఎక్కువ. పదేళ్ళ అబ్బాయిని తల్లిదండ్రులు తీసుకొస్తారు. వయసుకు మించిన బరువు, చేతిలో చిప్స్ పొట్లం. పన్నెండేళ్ళకు రావలసిన రెండో దవడ పళ్ళు అప్పుడే బయటికి వచ్చేసి ఉంటాయి. "మా వాడికి అన్నీ ముందే డాక్టరు గారూ, బలమైన శరీరం" అంటారు నాన్నమ్మ మురిపెంగా. అమెరికాలో జాతీయ ఆరోగ్య సర్వే వివరాలతో లెక్కవేస్తే, స్థూలకాయం ఉన్న పిల్లలకు అదే వయసు పిల్లల కంటే సగటున ఒకటీ ఒకటిన్నర శాశ్వత పళ్ళు ముందుగా వచ్చి ఉన్నాయని తేలింది. ఒళ్ళు పెరగడం, యుక్తవయసు, పళ్ళు అన్నీ కలిసి ముందుకు జరుగుతాయి. ముందు రావడం బలం కాదు. కొత్తగా బయటికి వచ్చిన పన్ను పింగాణీ ఇంకా పచ్చిగా ఉంటుంది. లాలాజలంలోని ఖనిజాలు పీల్చుకుని గట్టిపడడానికి ఏడాదో రెండేళ్ళో పడుతుంది. ఆరేళ్ళ పన్ను ఐదేళ్ళకే వచ్చిన పిల్లవాడికి ఆ పన్ను దాకా బ్రష్షు చేర్చే నేర్పు ఉండదు. చిరుతిళ్ళేమో మొదలయ్యాయి. ఇక పుచ్చడానికి ముహూర్తం చూడాలా? మేం మామూలుగా చెప్పే వయసు వచ్చేసరికి పళ్ళ గుంటలు పూడ్చి కప్పే సీలెంటు పూతకు సమయం దాటిపోయి ఉంటుంది, క్లిప్పులు వేయడానికి చూసుకునే ఎదుగుదల సమయం కూడా దాటిపోతుంది. వయసు చూసి పిలిస్తే ఈ పిల్లలు మాకు ఆలస్యంగా అందుతారు. బరువు చూసి పిలవాలి. బడిలో ఎత్తూ బరువూ కొలిచే మాస్టార్లకు ఈ ఒక్క ముక్క చెప్పండి: బరువు ఎక్కువున్న పిల్లవాణ్ణి దంతవైద్యుడి దగ్గరికి ఏడాది ముందే పంపించమనండి.

ఇక "పాలపన్నే కదా, ఊడిపోతుంది" అనే మాట. నా బల్ల ముందు కూర్చున్న వాళ్ళలో సగం మంది ఈ మాటతోనే మొదలుపెడతారు. మన ఇళ్ళలో ఊడిన పాలపన్నును పేడలో పెట్టి ఇంటి కప్పు మీదికి విసరడం ఒక పండగ. నేనూ విసిరాను. ఆ సంబరంలో ఒకటి మరిచిపోయాం: విసిరేది ముందు పన్నును, ఏడేళ్ళకు. వెనక ఉన్న పాల దవడ పన్ను రెండున్నరేళ్ళకు వచ్చి పదకొండేళ్ళ దాకా ఉంటుంది. ఎనిమిదేళ్ళు ఆ పిల్ల నమిలే అన్నమంతా దాని మీదే. అది ముందే పుచ్చి పీకేస్తే పక్క పళ్ళు ఆ చోట్లోకి జరిగి, కింద నుంచి వచ్చే పన్నుకు దారి లేకుండా చేస్తాయి. ఇంకొక తమాషా, ఆరేళ్ళ శాశ్వత పన్ను ఏ పన్నూ ఊడకుండానే పాలపళ్ళ వెనక నుంచి వచ్చేస్తుంది. ఏదీ ఊడలేదు కాబట్టి ఇంట్లో వాళ్ళు అది కూడా పాలపన్నే అనుకుంటారు. పుచ్చినా వదిలేస్తారు. నేను పీకే శాశ్వత పళ్ళలో మొదటి స్థానం దానిదే.

పన్ను పుచ్చితే బరువు మీద పడుతుందా? పడుతుంది, ముఖ్యంగా చిన్న పిల్లల్లో. నాలుగు దవడ పళ్ళూ పుచ్చిన మూడేళ్ళ పిల్ల అన్నం కలిపి పెడితే నోట్లో పెట్టుకుని కూర్చుంటుంది. మింగదు, ఉమ్మదు. ఇంట్లో "మొండితనం" అంటారు. రెండు మూడు ముద్దల తరవాత పాలసీసా అడుగుతుంది, ఎందుకంటే అది నమలక్కర్లేదు. పాలల్లో పంచదార. రాత్రి సీసా నోట్లో పెట్టుకునే నిద్ర. దాంతో పళ్ళు ఇంకా పుచ్చుతాయి. రాత్రి నొప్పికి నిద్ర ఉండదు, పొద్దున చిరాకు, తిండి ఇంకా తగ్గుతుంది. ఇలా పళ్ళు బాగా పాడైన పసిపిల్లలకు మత్తుమందిచ్చి అన్ని పళ్ళకూ ఒకేసారి వైద్యం చేశాక బరువు పుంజుకున్నట్టు కొన్ని పరిశోధనల్లో తేలింది. అన్ని పరిశోధనలూ ఒకే మాట చెప్పవు. కొన్నిచోట్ల పుచ్చుపళ్ళు సన్నని పిల్లల్లో ఎక్కువ, కొన్నిచోట్ల లావు పిల్లల్లో ఎక్కువ. నాకైతే ఇందులో వింత కనబడదు. తినలేక సన్నబడ్డ పిల్ల ఒకతె, తీపి తిని లావెక్కిన పిల్లవాడొకడు. ఇద్దరి నోళ్ళలోనూ అవే పుచ్చులు. దీనికి తోడు, చాలాకాలం తిండి చాలని పిల్లల్లో లాలాజలమే తక్కువగా ఊరుతుంది. నోటిని కడిగే నీరే లేకపోతే పుచ్చు ఎలా ఆగుతుంది?

కాబట్టి మీ దగ్గర నెలల తరబడి బరువు పెరగని పిల్ల ఉంటే, ఇంట్లో తిండి పెట్టడం లేదని తల్లిని కోప్పడే ముందు పెదవి ఎత్తి చూడండి.

తల్లుల సంగతి వచ్చింది కాబట్టి రెండు పొరపాట్ల గురించి చెప్పాలి. ఒకటి "పళ్ళ విరేచనాలు". బిడ్డకు ఏడెనిమిది నెలల్లో విరేచనాలు పట్టుకుంటే "పళ్ళొస్తున్నాయి, మామూలే" అని అమ్మమ్మలు చెబుతారు, పక్కింటివాళ్ళూ చెబుతారు, ఒక్కోసారి మందుల షాపువాళ్ళు కూడా చెబుతారు. పళ్ళు రావడం వల్ల చిగుళ్ళు దురదపెడతాయి, చొల్లు కారుతుంది, బిడ్డ కాస్త చిరాకు పడుతుంది. నీళ్ళ విరేచనాలు రావు. ఆ వయసులో బిడ్డ పాకుతూ దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటుంది, తల్లి నుంచి వచ్చిన రక్షణ తగ్గుతుంది, అప్పుడే పైతిండి మొదలవుతుంది. విరేచనాలు వచ్చేది అందువల్ల. ఓఆర్‌ఎస్, జింక్ మొదలుపెట్టాల్సిన రోజుల్లో పళ్ళ మీద నెపం వేసి ఊరుకుంటే ఒక వారంలో అర కిలో పోతుంది. మీ కార్డులో ఆ నెల చుక్క కిందికి జారుతుంది. పైగా అదే వారంలో తయారవుతున్న శాశ్వత పన్నులో ఒక గీత పడొచ్చు. పళ్ళ వల్ల విరేచనాలు రావు కానీ, విరేచనాల వల్ల పళ్ళు పాడవొచ్చు. (పై పళ్ళు ముందొస్తే మేనమామకు గండమనే నమ్మకం జోలికి నేను పోను. ఆ శాంతి వల్ల ఎవరికీ నష్టం లేదు, మేనమామకు కొత్త బట్టలు వస్తాయి.)

రెండోది ఐరన్ సిరప్. రక్తం తగ్గకుండా ఆరు నెలలు దాటిన ఐదేళ్ళలోపు పిల్లలకు వారానికి రెండుసార్లు ఆ సిరప్ ఇవ్వమని మీరు సీసాలు పంచుతారు. కొన్ని వారాలకు పళ్ళు నల్లబడతాయి. తల్లి బెదిరిపోయి సీసా పారేస్తుంది, మీ దగ్గర "తాగించాను" అంటుంది. నా దగ్గరికి అలా వచ్చిన తల్లులు చాలామంది. ఆ నలుపు పైపై మరక మాత్రమే. పన్నును పాడు చేయదు, శుభ్రం చేస్తే పోతుంది. డ్రాపరుతో నాలుక వెనక భాగంలో వేసి, వెంటనే కాసిని నీళ్ళు తాగించి, ఆనక పళ్ళు తుడిస్తే మరక చాలావరకు పడదు. సీసా ఇచ్చేటప్పుడు ఈ ముక్క చెబితే చాలు. ఇది చెప్పడానికి నిధులూ అక్కర్లేదు, ఉత్తర్వులూ అక్కర్లేదు.

చిక్కీ గురించి అడుగుతారని తెలుసు. బడి భోజనంలో వేరుశనగ చిక్కీ ఇస్తున్నారు, రాగిజావ ఇస్తున్నారు. రెండూ మంచివే. వేరుశనగలో మాంసకృత్తులు, రాగిలో సున్నం ఉన్నాయి. నేను వాటిని ఆపమనడం లేదు, ఆపితే నాకే కోపం వస్తుంది. ఎప్పుడు తింటారన్నదే నా బాధ. చాలాచోట్ల పిల్లలు చిక్కీని జేబులో పెట్టుకుని మధ్యాహ్నమంతా కొంచెం కొంచెం నాకుతారు. బెల్లం పాకం దవడ పళ్ళ గుంటల్లో అతుక్కుని గంటల తరబడి ఉంటుంది. పన్నుకు ఎంత తీపి తగిలిందన్న దాని కంటే ఎన్నిసార్లు తగిలింది, ఎంతసేపు ఉందన్నది ముఖ్యం. అదే చిక్కీ భోజనంతో పాటు తినిపించి, తరవాత కుళాయి దగ్గర అందరిచేత నోరు పుక్కిలింపజేస్తే పోషణా దక్కుతుంది, పళ్ళూ దక్కుతాయి. చేతులు కడిగించే వరసలోనే ఇది కూడా జరిగిపోతుంది.

పల్నాడు వైపు వాళ్ళకు ఇంకో చిక్కు ఉంది. 2022లో జిల్లాలు విడిపోయాయి కానీ పేషెంట్లు విడిపోలేదు, ఇప్పటికీ వినుకొండ వైపు నుంచి గుంటూరుకే వస్తారు. అక్కడి మెట్ట ఊళ్ళలో బోరు నీటిలో ఫ్లోరైడు ఉంటుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన నీళ్ళు పసితనం నుంచీ తాగితే పళ్ళు గార పడతాయి, ముందు తెల్లటి మచ్చలు, తరవాత గోధుమ చారలు. సున్నం, మాంసకృత్తులు చాలని పిల్లల మీద ఫ్లోరైడు దెబ్బ ఇంకా గట్టిగా పడుతుంది. బయటి కంటికి గార కూడా, పోషణ లోపపు గాడి కూడా ఒకలాగే కనబడతాయి. తేడా చెప్పడం మా పని, మీ కార్యకర్తల పని కాదు. వాళ్ళు "మచ్చ ఉంది" అని రాస్తే చాలు. పాలపొడి కలపడానికీ జావ కాయడానికీ బోరు నీళ్ళు వాడకుండా చూడడం మాత్రం ఎవరైనా చేయగలరు.

ఇప్పుడు నేను అడిగే గడి. బరువు గడి పక్కన మూడు సంగతులకు చోటు: పళ్ళు ఎన్ని, మచ్చ లేదా గాడి ఉందా, పుచ్చు ఉందా. ఒక్కో బిడ్డకు అర నిమిషం. పరికరం ఒక చిన్న టార్చి. పాప ఏడుస్తుంటే ఇంకా మేలు, నోరు తెరవమని బతిమాలే పని ఉండదు. ప్రతి నెలా అక్కర్లేదు, మూడు నెలలకోసారి చాలు. అంగన్‌వాడీ పిల్లల్ని ఏడాదికి రెండుసార్లు, బడి పిల్లల్ని ఒకసారి చూసే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి ఉంది. అందులో పోషణ లోపాలూ ఉన్నాయి, పళ్ళ జబ్బులూ ఉన్నాయి. రెండూ ఒకే కాగితం మీద వేరు వేరు వరసల్లో ఉంటాయి, ఒకదానికొకటి చుట్టమని ఎవరూ అనుకోరు. ఆ బృందం వచ్చినప్పుడు ఈ గడి చూపిస్తే వాళ్ళకు ఎవరిని ముందు చూడాలో తెలుస్తుంది. గాడి ఉన్న పన్నుకు ఫ్లోరైడు వార్నిష్ (పన్ను పైన పూసే మందు, తాగే నీటిలోని ఫ్లోరైడు సంగతి వేరు) పూస్తే పుచ్చే ముప్పు బాగా తగ్గుతుంది. పూయడానికి రెండు నిమిషాలు. విజయవాడ ప్రభుత్వ దంత వైద్య కళాశాల మనకు గంట దూరం. అక్కడి విద్యార్థులకు నేర్చుకోవడానికి నోళ్ళు కావాలి, మన పిల్లలకు చూసేవాళ్ళు కావాలి. ఈ రెండింటినీ కలిపే ఉత్తరం మీలో ఒకరు రాస్తే సరిపోతుంది.

కార్యకర్తల మీద పని ఎక్కువైందని నాకు తెలుసు. ఫోనులో ఒకటి, పుస్తకంలో ఒకటి, మళ్ళీ సూపర్‌వైజరుకు ఒకటి, ఒకే బరువును మూడుచోట్ల రాస్తూ కనిపించారు. ఆ మూడింటిలో ఒకటి తీసేసి ఈ గడి ఇవ్వండి. వాళ్ళే మీకు దండం పెడతారు.

ఆ పాప తల్లి దగ్గరికి మళ్ళీ వస్తాను. పళ్ళు ఎలా శుభ్రం చేస్తున్నావమ్మా అని అడిగాను. "నేను చెయ్యనండి, మా అత్త చేస్తుంది, ఆమె ఊరెళితే లేదు" అంది. ఎందుకని అడిగితే చేతులు చూపించింది. వేళ్ళ చివర్లు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. రోజంతా తొడిమెలు తీసిన చెయ్యి, సబ్బుతో ఎంత కడిగినా ఘాటు పోదు. ఆ వేలు ఒకసారి పాప నోట్లో పెడితే పాప గంటసేపు గుక్కపట్టిందట. అప్పటి నుంచి పెట్టలేదు. పాతికేళ్ళుగా ఈ ఊళ్ళో పళ్ళు చూస్తున్నాను, మిర్చి యార్డు ముందు నుంచే రోజూ వెళతాను. ఈ సంగతి నాకు ఎప్పుడూ తట్టలేదు.

మిరప ఘాటు నీళ్ళలో కరగదు, నూనెలో కరుగుతుంది. ముందు చేతులకు కాస్త వంటనూనె బాగా పట్టించి, తరవాత సబ్బుతో కడగమన్నాను. వేలు బదులు చిన్న బ్రష్షు, దాని మీద బియ్యపు గింజంత పేస్టు. మూడేళ్ళు దాటాక బఠాణీ గింజంత. గింజల కొలత ఆమెకు వెంటనే అర్థమైంది. పాపకు వార్నిష్ పూశాను, రాత్రి సీసాలో పంచదార మానిపించాను. గాడి అలాగే ఉంది, అలాగే ఉంటుంది. కొత్త పళ్ళు రెండు తెల్లగా చిగురు పొడుచుకుని వస్తున్నాయి.

వచ్చే నెల ఆ కేంద్రంలో బరువులు తూచే రోజు నేను మళ్ళీ వెళతాను. మీలో ఎవరైనా వస్తే సంతోషం. టార్చి నేనే తెస్తాను.

ఇట్లు,
గుంటూరు నుంచి ఒక పిల్లల దంతవైద్యురాలు